కప్పలు ఊరుకున్నప్పుడు

వీడియో ఆట ఆడుతున్నవాడు తెర మీద చచ్చిన మరుక్షణం వాడి నోట్లోంచి వచ్చే మొదటి మాట వినాలి అనేవారు యసుకోచి గారు. "ఛ" అన్నాడంటే తప్పు తనదేనని ఒప్పుకున్నట్టు. అలాంటివాడు జేబులో చెయ్యి పెట్టి ఇంకో నాణెం తీస్తాడు. "అదేంటి?" అన్నాడంటే తప్పు ఆటదేనని తేల్చేసినట్టు. వాడు లేచి పక్క మెషీన్ దగ్గరికి పోతాడు, మళ్ళీ రాడు. ఆట కష్టంగా ఉంటే తప్పేం లేదు, అన్యాయంగా ఉంటేనే తప్పు, ఆ తేడా తెర మీద కనపడదు, ఆడేవాడి నోట్లోనే వినపడుతుంది అని ఆయన నమ్మకం. కొత్తగా చేరినవాళ్ళకి కుర్చీ చూపించకముందే ఈ పాఠం చెప్పేవారు. నాకు చెప్పినప్పుడు లోపల్లోపల నవ్వుకున్నాను.

మా ఆఫీసు ఒసాకాలో ఒక కళ్ళద్దాల కొట్టు మేడ మీద ఉండేది. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపలికి రావాలి. కింద కొట్టుకి వచ్చేవాళ్ళు గోడ మీది కళ్ళ పరీక్ష గుర్తులు చూసుకుంటూ గొణిగేవారే తప్ప గట్టిగా మాట్లాడేవారు కాదు. వీధిలో సైకిలు పోతే దాని గొలుసు చప్పుడు మా దాకా వినపడేది. నేను, సవాకోని, బొమ్మలు వేసేదాన్ని. అంతకుముందు మిఠాయి డబ్బాల మీద పూలు గీసేదాన్ని. ఇక్కడికొచ్చాక గళ్ళ కాగితం మీద చుక్క పక్కన చుక్క పెట్టి సిపాయిలనీ కాకుల్నీ పుట్టించే పనిలో పడ్డాను. వాటిని మెషీన్‌లో కదిలించేవాడు ఓండా. నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు, ఎప్పుడూ ఒక చేతిలో అన్నం ముద్ద ఉండేది. ఆట ఎలా నడవాలో ఆలోచించేది యసుకోచి గారు.

ఆ వానాకాలం మేం చేసిన ఆట పేరు 'బురద కోట'. చుట్టుముట్టిన శత్రువుల మధ్య ఇరుక్కున్న కోటకి ఒక మామూలు సిపాయి మందుల మూట మోసుకెళ్ళాలి. దారంతా చిత్తడి నేల. మూడో అంచెలో పొడుగాటి చెక్క వంతెన వస్తుంది. ఆ వంతెన పలకలు ఉన్నట్టుండి విరుగుతాయి. ఎప్పుడు విరుగుతాయో బట్టీ పట్టడానికి వీల్లేదు, ఆటాటకీ మారిపోతుంది. కానీ గుర్తు ఒకటి ఉంది. ఆ చిత్తడిలో కప్పలు ఆగకుండా అరుస్తూ ఉంటాయి. పలక విరిగే ముందు అవి ఊరుకుంటాయి. ఊరుకోగానే ఎక్కడివాడక్కడ ఆగితే ముందున్న పలక పడిపోతుంది, ఆ సందు మీంచి దూకి పోవచ్చు. ఆగనివాడు నీళ్ళపాలు.

యసుకోచి గారు షిగా వైపు వరిచేల మధ్య పెరిగిన మనిషి. చిన్నప్పుడు గట్టు మీద నడుస్తుంటే కాలి చప్పుడుకి కప్పలు ఊరుకునేవట. తను కదలకుండా నిలబడ్డా అవి ఊరుకున్నాయంటే ఇంకెవరో వస్తున్నట్టే. ఆ భయం, ఆ చెవులు రిక్కించడం జనం చేత అనుభవింపజెయ్యాలని ఆయన కోరిక. అందరూ శబ్దంతో భయపెడతారు, నేను నిశ్శబ్దంతో భయపెడతాను అని చెప్పినప్పుడు ఆయన మొహంలో వచ్చిన వెలుగు చూసి నేను కూడా పడిపోయాను. ఓండా పాపం ఆ కప్పల అరుపు కోసం తెగ కష్టపడ్డాడు. మొదట బల్లుల్లా వచ్చాయి, తర్వాత తుమ్ముల్లా వచ్చాయి, చివరికి ఎలాగో కప్పలయ్యాయి. మా ఆఫీసులో ఆ వంతెన దాటలేనివాళ్ళు లేరు. ఓండా అన్నం ముద్ద కొరుక్కుంటూ ఒంటిచేత్తో దాటేవాడు. నేను కళ్ళు మూసుకుని కూడా ఒకసారి దాటి చూపించాను, ఆయన చప్పట్లు కొట్టారు.

ఇక ఈ ఆట జనానికి నచ్చకపోతే ఏమవుతుందో మా అందరికీ తెలుసు. యసుకోచి గారి ముందరి ఆటలు రెండూ పరీక్షకి పెట్టిన వారంలోనే వెనక్కి వచ్చేశాయి. ఓనరు నిషిగాకి గారు పచీంకో అనే గోళీల జూదం మెషీన్ల విడిభాగాల్లో పైకొచ్చిన మనిషి. వీడియో ఆట ఒక్కటి కూడా ముట్టుకున్న పాపాన పోలేదు. ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ మా అందరి ముందే చెప్పేశారు. ఇది కూడా తిరిగొస్తే ఈ మేడ ఖాళీ చేస్తాను, యసుకోచి హిమెజి ఫ్యాక్టరీకి వెళ్ళి బొమ్మల్ని పట్టుకునే మెషీన్లకి పంజాలు బిగిస్తాడు అని. నేనైతే మళ్ళీ మిఠాయి డబ్బాలకి పోతాను, అది చావేం కాదు. యసుకోచి గారికి మాత్రం ఆటలు తప్ప ఇంకో పని రాదు, నలభై దాటినవాణ్ణి ఇంకో కంపెనీ తీసుకోదు. ఆ మాటకి ఆయన టీ కప్పు చేతిలో తిప్పుతూ ఉండిపోయారు. నాకు మాత్రం ఆ తువ్వాలు ఓనరు గారి మెడకే బిగించాలనిపించింది.

ఆట పరీక్ష అంటే మా దగ్గర ఒక పద్ధతుంది. కొత్త మెషీన్‌ని ఊళ్ళో ఏదో ఒక ఆటల హాల్లో చడీచప్పుడు లేకుండా పెట్టేస్తారు. చేసినవాళ్ళు మామూలు జనంలా వెళ్ళి వెనక నిలబడి చూడాలి. మేం చేశామని చెప్పకూడదు, ఎలా ఆడాలో చెప్పకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా మెషీన్‌ని ముట్టుకోకూడదు. చేసినవాడు ఆడితే పక్కవాళ్ళు చూసి నేర్చుకుంటారు, అక్కడితో పరీక్ష చెడిపోతుంది. ఈ నియమం దగ్గర యసుకోచి గారు మహా పట్టుదల మనిషి. అంతకుముందు ఒకసారి ఓండా చేతులు దురదపెట్టి ఒక్క ఆట ఆడినందుకు వాడితో వారం రోజులు మాట్లాడలేదు.

ఈసారి షిన్‌సెకాయి పేటలో పుల్లకి గుచ్చిన వేపుళ్ళు అమ్మే కొట్టు పక్కన ఉన్న హాలు దొరికింది. దాన్ని నడిపేది కినుయె అనే ఆవిడ. చిల్లర గూట్లో కూర్చుని వచ్చినవాళ్ళందరినీ వరసపెట్టి ఆటపట్టిస్తూ ఉండేది. ఊరంతా ఆవిణ్ణి పిన్ని అనేది, మేమూ అనేవాళ్ళం. లోపల అడుగు పెడితే మాట్లాడాలంటే అరవాల్సిందే. ఓ పక్క కార్ల ఆటలు, ఓ పక్క తుపాకుల ఆటలు, మూల మాజాంగ్ అనే బిళ్ళల ఆట మెషీన్ కిలకిల నవ్వు, పైన రైలు పోతే గోడలు కూడా వాటి వంతు చప్పుడు అవి చేసేవి. మేం ముగ్గురం మెషీన్ వెనక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాం.

సోమవారం జనం బాగానే వచ్చారు. కొత్త మెషీన్ అంటే ఒక చెయ్యి వేసి చూడనివాడెవడు. మొదటి అంచెలో చచ్చినవాళ్ళు "ఛ" అన్నారు. రెండో అంచెలోనూ "ఛ" అన్నారు, మళ్ళీ నాణెం వేశారు. యసుకోచి గారు నా వైపు చూసి కళ్ళతోనే నవ్వారు. మూడో అంచె వంతెన దగ్గరికి వచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. కాలేజీ కుర్రాడొకడు పడ్డాడు, "అదేంటి?" అన్నాడు. టై కట్టుకున్న ఉద్యోగి పడ్డాడు, "అదేంటి?" అన్నాడు. టాక్సీ నడిపే పెద్దాయన ఒకాయన, ఆడే ముందు తెల్ల గ్లౌజులు విప్పి బుద్ధిగా మడిచి జేబులో పెట్టుకున్న మనిషి, ఆయన కూడా పడి "అదేంటి?" అంటూ మెషీన్ పక్కలు తడిమి చూశాడు, ఏదైనా ఊడిందేమోనని. ఎవరూ రెండోసారి వంతెన దాకా రాలేదు. వీళ్ళకి చెవులు లేవా అని నేను పళ్ళు నూరుకున్నాను. యసుకోచి గారు మాత్రం నేర్చుకుంటారులే అన్నారు. మంగళవారం కూడా అదే జరిగింది. అప్పటికి ఆయన ఆ మాట అనడం మానేశారు.

కబురు ఓనరు గారికి చేరింది. ఆయన మేడెక్కి వచ్చి, ఆట మరీ కష్టంగా ఉందట, శత్రువుల్ని సగానికి సగం కోసెయ్యమన్నారు. యసుకోచి గారు చాలాసేపు వాదించారు. శత్రువుల చేతిలో చచ్చినవాళ్ళు మళ్ళీ ఆడుతున్నారండీ, గొడవ వంతెన దగ్గరే అని చెప్పి చూశారు. ఓనరు గారికి చావు ఎక్కడైనా చావే. చివరికి ఓండా కోసేశాడు. నా సిపాయిలు సగం మంది, నా కాకులు సగం పోయాయి. గురువారం కొత్త చిప్పులు బిగించి చూశాం. దారి ఖాళీగా ఉండడంతో జనం నడుచుకుంటూ వంతెన దగ్గరికి వచ్చేశారు, అక్కడ మళ్ళీ పడ్డారు. ఇదివరకు కష్టపడి చచ్చేవారు, ఇప్పుడు తీరిగ్గా చస్తున్నారు, అంతే తేడా.

శుక్రవారం మధ్యాహ్నం బయట వాన. హాల్లో తడిసిన గొడుగుల వాసన. గ్లౌజుల డ్రైవరు మళ్ళీ వచ్చాడు. అప్పటికి మా మెషీన్ దగ్గరికి తిరిగొచ్చేవాడు ఆయనొక్కడే. ఆడాడు, వంతెన మీద పడ్డాడు. సిపాయి ప్రాణం ఇంకొకటి మిగిలి ఉంది. ఇంతలో గుమ్మం దగ్గర ఎవరో టాక్సీ కోసం కేకేశారు. ఆయన లేచి గ్లౌజులు తొడుక్కుంటూ, స్తంభం దగ్గరున్న యసుకోచి గారిని చూశాడు.

"ఏం గురూ, సోమవారం నుంచీ చూస్తున్నా, నిలబడి గుడ్లప్పగించి చూడ్డమేనా? ఒక ప్రాణం మిగిలింది, కూర్చో. నీ ప్రతాపం కూడా చూద్దాం."

యసుకోచి గారు వద్దండీ అన్నారు. డ్రైవరు వింటేగా. భుజం పట్టుకుని కుర్చీలో కూలేశాడు. పిన్ని గూట్లోంచి ఇదంతా చూస్తూ మూతి బిగించి నవ్వుతోంది. మేం ఎవరమో ఆవిడకి తెలుసు. కాదు కూడదని పారిపోతే అందరికీ అనుమానం వస్తుంది. ఆయన నా వైపు చూశారు. ఆడెయ్యండి అన్నట్టు నేను తల ఊపాను. నిజం చెప్పొద్దూ, నాకు లోపల సంబరంగా ఉంది. ఇప్పుడు చూడండిరా ఎలా ఆడాలో అనుకున్నాను.

ఆయన చేతిలో ఆ సిపాయి నడక చూడాలి. కాకుల కింద నుంచి వంగి, ఈటెల మధ్య నుంచి జారి, మందుల మూట చెక్కుచెదరకుండా పోతున్నాడు. కాలేజీ కుర్రాళ్ళు ఒకరిద్దరు వచ్చి వెనక చేరారు. డ్రైవరు బయటి కేకని కూడా పట్టించుకోకుండా ఆగిపోయాడు. వంతెన వచ్చింది. యసుకోచి గారు తల కొంచెం పక్కకి వంచారు, ఆఫీసులో ఎప్పుడూ వంచినట్టే. నడిచారు. నడుస్తూనే ఉన్నారు. కాళ్ళ కింద పలక విరిగి సిపాయి నీళ్ళలో పడ్డాడు.

"అదేంటి?" అన్నారు యసుకోచి గారు.

అందరూ విన్నారు. నేనూ విన్నాను. డ్రైవరు ఘొల్లున నవ్వి, నువ్వూ మా బాపతేనా గురూ అని వీపు తట్టి వానలోకి పోయాడు. యసుకోచి గారు ఆట అయిపోయిన తెర ముందు అలాగే కూర్చున్నారు. ఆయన మెడ వెనక ఎర్రబడడం నాకు కనిపించింది. చాలా జాలేసింది.

తర్వాత బయట చూరు కింద, కాఫీ డబ్బాల మెషీన్ పక్కన నిలబడ్డాం. ఆయన డబ్బా తెరవకుండా రెండు చేతులతో పట్టుకున్నారు.

"సవాకో, కప్పలు ఊరుకున్నాయా?"

"తెలీదండి."

"అసలు అరిచాయా?"

నేను ఆలోచించాను. సోమవారం నుంచి ఆ స్తంభం దగ్గర నిలబడ్డాను. ఒక్క కప్ప అరుపు కూడా నా చెవిన పడలేదు. పడలేదన్న సంగతి కూడా నాకు తట్టలేదు. వంతెన కనపడగానే నా బుర్రలో కప్పలు వాటంతటవే అరిచేసేవి.

"అరవడమే వినపడకపోతే ఊరుకోవడం ఎలా వినపడుతుంది?" అన్నారాయన. "మనం చెప్పులు విప్పి కూర్చుని చేశాం ఈ ఆట. వాళ్ళు రైలు కింద కూర్చుని ఆడుతున్నారు. పాపం అంతమందీ నిజమే చెప్పారు, అదేంటి అని. నేనే వినలేదు."

ఓండా శబ్దం పెంచేద్దామన్నాడు. పిన్ని అంగీకరించలేదు. ప్రతి కంపెనీవాడూ వచ్చి అదే అడుగుతాడు, అందరికీ పెంచుకుంటూ పోతే ముందు నా చెవులు పోతాయిరా అబ్బాయ్ అంది. అయినా నిశ్శబ్దాన్ని ఎంతకని పెంచుతాం? కప్పలు ఊరుకోవడం కంటికి కనపడాలి, అదొక్కటే దారి. అప్పుడు ఓండా, పలక విరిగే ముందు ఎర్ర అక్షరాలతో 'ఆగు' అని వెలిగిద్దామన్నాడు. యసుకోచి గారు వద్దన్నారు.

"మనం ఆగమంటే ఆగాడనుకో, వాడు మన మాట విన్నట్టు. వాడే చూసి ఆగాడనుకో, అది వాడి తెలివి. ఆ తెలివి కోసమేరా వాడు నాణెం వేసేది."

కాబట్టి కప్ప కావాలి. వంతెన స్తంభాల మీద కూర్చుని గొంతు సంచి ఉబ్బించే కప్ప. ఇక్కడ నా పీక మీదికి వచ్చింది. బొమ్మలు దాచే చిప్పు అప్పటికే నిండిపోయింది. కొత్త బొమ్మ రావాలంటే పాతది ఏదో పోవాలి. శత్రువుల్లో సగాన్ని కోశాం కదా అంటే, కోసింది తెర మీద వచ్చే సంఖ్యనే, చిప్పులో వాళ్ళ బొమ్మ అలాగే ఉంది. చిత్తడి వెనక ఆకాశంలో రెక్కలాడిస్తూ పోయే నా కొంగ ఒక్కటే తీయడానికి పనికొచ్చేది. ఆ కొంగ కోసం నేను ఏటి ఒడ్డుకి పోయి కూర్చున్నాను, గీసినవి చించి మళ్ళీ గీశాను. ఓనరు గారు సైతం బాగుందన్న బొమ్మ అదొక్కటే. యసుకోచి గారికి ఇది తెలుసు. అందుకే శనివారం నేను వచ్చేసరికి అడగలేక గళ్ళ కాగితాలు సర్దుతూ కూర్చున్నారు.

"అడగండి మరి, అడక్కుండా మొహం అలా పెడితే నాకు ఇంకా మండుతుంది," అన్నాను.

"కొంగ..." అన్నారు.

"తీసేశాను. రాత్రే తీసేశాను. మీరు అడుగుతారేమో, పోట్లాడదామనుకున్నా. అది కూడా చెయ్యనివ్వలేదు."

ఆ రోజంతా కప్పతో గడిచింది. గొంతు ఉబ్బిన బొమ్మ, గొంతు దిగిన బొమ్మ, అవి మారుతుంటే అరుస్తున్నట్టు. ఊరుకున్నప్పుడు గొంతు చదునుగా, కళ్ళు పెద్దవిగా. యసుకోచి గారు ఇంకొకటి చేర్చారు. వంతెన మొదట్లోనే ఒక కప్ప ఊరుకోవాలి, అప్పుడు ఎక్కడో దూరంగా, సిపాయికి దెబ్బ తగలని చోట, పలక ఒకటి పడాలి. ఆడేవాడు అది చూసి ఉండాలి. తర్వాత చచ్చినా, చూశానే అనుకోవాలి. అంతా అయ్యాక ఆయన ఓండాతో చాలా మామూలుగా, కోసిన శత్రువులందర్నీ తిరిగి పెట్టెయ్యమన్నారు. ఓండా చేతిలో అన్నం ముద్ద ఆగిపోయింది. ఓనరు గారు రేపు వస్తున్నారండీ అన్నాడు. పెట్టు, ఎలాగూ హిమెజి పోయేవాణ్ణి, నా ఆటతోనే పోతాను అన్నారాయన.

ఆదివారం మేం కొత్త చిప్పులు బిగించేసరికి నిషిగాకి గారు తువ్వాలుతో సహా హాల్లో దిగారు. వచ్చీరాగానే తెర మీద సిపాయిల గుంపుని చూశారు. మొహం మాడ్చుకుని, ఏవయ్యా, నా మాటంటే నీకు లెక్కే లేదన్నమాట అన్నారు. మొదట ఆడిన కాలేజీ కుర్రాడు వంతెన దాకా వచ్చి పడ్డాడు. "అదేంటి?" అన్నాడు. లేచాడు. కానీ పోలేదు, నుదురు చిట్లించి తెర వైపే చూస్తూ కుర్చీ వెనక నిలబడ్డాడు.

అతని తర్వాత గ్లౌజుల డ్రైవరు కూర్చున్నాడు. గ్లౌజులు మడిచాడు, జేబులో పెట్టాడు. ఇంతకుముందు కంటే నిదానంగా వచ్చాడు, దారిలో ఒకసారి ఈటె తగిలి "ఛ" అన్నాడు. వంతెన ఎక్కాడు. మొదటి కప్ప ఊరుకుంది, దూరంగా పలక పడింది. ఆయన నడిచాడు. ఇంకో కప్ప గొంతు చదునైంది. ఆయన నడుస్తూనే ఉన్నాడు. పలక విరిగింది.

"అదే..." అని ఆగాడు. ముందుకి వంగి తెర మీద కప్పని చూశాడు. అది మళ్ళీ గొంతు ఉబ్బిస్తోంది.

"ఛ," అన్నాడు.

యసుకోచి గారు స్తంభాన్ని పట్టుకున్నారు. నేను ఆయన మొహం చూడలేదు, చూస్తే ఏడ్చేదాన్ని. ఓనరు గారు మాత్రం, ఇంకా చస్తూనే ఉన్నారుగా, మరి నువ్వు చేసిందేంటి అని అడుగుతున్నారు. డ్రైవరు జేబు తడుముకుని ఇంకో నాణెం వేశాడు. వెనక నిలబడ్డ కుర్రాడు, మీ తర్వాత వంతు నాదేనండోయ్ అని ముందే చెప్పి పెట్టుకున్నాడు. ఈసారి డ్రైవరు కప్ప ఊరుకోగానే టక్కున ఆగాడు. పలక పడింది. దూకాడు. మళ్ళీ ఆగాడు, మళ్ళీ దూకాడు. అవతలి ఒడ్డు చేరాడు. అక్కడ ఆట వదిలేసి మరీ వెనక్కి తిరిగాడు. స్తంభం దగ్గరున్న యసుకోచి గారిని గుర్తుపట్టాడు.

"రా గురూ, దగ్గరికి రా. మొన్న నువ్వూ ఇక్కడే చచ్చావుగా? కిటుకు చెబుతా విను. ఆ స్తంభం మీద కప్ప ఉంది చూశావా, అది అరుస్తున్నంతసేపూ నడువు. అది నోరు మూసిందా, నువ్వూ కాలు ఆపెయ్. ఎవరికీ చెప్పకు, నేనే కనిపెట్టా."

ఓనరు గారు నోరు తెరవబోయారు, ఈ ఆట చేసింది ఇతనేనయ్యా అని చెప్పడానికే అనుకుంటాను. యసుకోచి గారు చెయ్యి అడ్డం పెట్టి, డ్రైవరుకి నడుం వంచి మరీ నమస్కారం పెట్టారు.

"అలాగా అండీ. నాకు తెలీనే తెలీదు. చాలా థాంక్సండీ."

ఓనరు గారు ఆయన్నీ డ్రైవరునీ మార్చి మార్చి చూశారు. తర్వాత తువ్వాలు జేబులో కుక్కుకుని చిల్లర గూటి దగ్గరికి నడిచారు. నోటు మార్చి నాణేలు ఇమ్మని పిన్నిని అడిగారు. ఎన్ని కావాలి బాబూ అందావిడ. ఆ కుర్రాడి తర్వాత వంతు నాది, ఎన్ని పడతాయో నాకేం తెలుసు అన్నారాయన.